చాయ్ తాగి కొన్న డోజరు

మొన్న లాల్‌దర్వాజాలో మా గల్లీ చివర కూలిన పాత గోడ రాళ్లు ఎత్తడానికి ఒక పసుపుపచ్చ యంత్రం వచ్చింది. ఇరుకు సందులో అది ముందుకూ వెనక్కూ జరుగుతుంటే జనమంతా అరుగులెక్కి తమాషా చూశారు. నేను మాత్రం కిటికీ మూసుకుని కూర్చున్నాను. డీజిలు పొగ నాకు పడదని మా ఇంట్లో అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఒకప్పుడు నేనూ ఒక బుల్‌డోజరుకు యజమానిని.

మా తాతగారి రోజుల్లో చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారమంటే పాతబస్తీలో మా ఇంటిపేరే చెప్పేవారు. నాన్నగారి కాలంలో దుకాణం పోయింది, దాని వెంటే ఇల్లూ పోయింది. నా కాలానికి మిగిలినవి ఒక గుమాస్తా ఉద్యోగం, ఒక అద్దె ఇల్లు, షాద్‌నగర్ అవతల మేక కూడా దూరలేనంత దట్టంగా సర్కారు తుమ్మ అల్లుకుపోయిన కొంత భూమి. దాన్ని ప్లాట్లవాళ్లకు అమ్మేద్దామని తమ్ముడు అన్నాడు. వాడి మాటలో తప్పేమీ లేదు, వాడికీ సంసారముంది. నేనే ఒప్పుకోలేదు. అది కూడా పోతే, మేము ఫలానావాళ్లమని వేలు పెట్టి చూపించుకోవడానికి ఈ లోకంలో మాకు జానెడు చోటు ఉండదు. చివరికి ఇద్దరం ఒక మాట మీదకు వచ్చాము. తొలకరిలోగా నేను తుమ్మ తీయించి జొన్న వేయగలిగితే భూమి ఉంటుంది, లేకపోతే మారుమాట లేకుండా సంతకం పెడతాను.

తుమ్మ తీయడానికి డోజరు బండి కిరాయికి తెచ్చుకోమని అందరూ చెప్పారు. ఎద్దుబండ్ల నుంచి తూకం కాటాల దాకా అన్నీ సొంతవే వాడిన ఇల్లు మాది. గంటల లెక్కన వచ్చే ఎవరి బండో మా భూమిలో మొదటి అడుగు వేయడం నాకు నామోషీ అనిపించింది. పీఎఫ్ డబ్బు తీసి, పాతదైనా సరే సొంతదే కొనాలనుకున్నాను. యాకుత్‌పురాలో ఉండే మా బావమరిది బస్సు డిపోలో మెకానిక్కు. అతణ్ణి వెంటబెట్టుకుని ఊరి బయట పాత యంత్రాలు అమ్మే యార్డుకు వెళ్లాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. బేరం కుదిరేదాకా అమ్మేవాడి దగ్గర మంచినీళ్లు తప్ప మరేదీ ముట్టం. చాయ్ తాగితే మాట ఇచ్చినట్టే. ఒకసారి చాయ్ తాగిన తరువాత మిర్చి బస్తాల్లో సగం బూజు పట్టిందని తెలిసినా తాతగారు కిమ్మనకుండా సరుకు ఎత్తించుకొచ్చారని, చిన్నప్పుడు అన్నం తింటూ ఎన్నిసార్లు విన్నానో.

ఆ యార్డు యజమాని నా ఇంటిపేరు వినగానే లేచి నిలబడి, తన కుర్చీ తుడిచి నాకు వేశాడు. "ఆయియే సేఠ్ సాబ్! మా అబ్బా మీ దాదా దుకాన్ల హమాలీ చేసిండు" అన్నాడు. నన్ను ఎవరైనా సేఠ్ అని పిలిచి ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. ఆ పిలుపుకు లోపల ఏదో కరిగిపోయి, చేతిలో పెట్టిన చాయ్ చివరి గుక్క దాకా తాగేశాను. ఖాళీ కప్పు కింద పెడుతున్నప్పుడు గానీ ఏం చేశానో తెలియలేదు.

అప్పటిదాకా యంత్రం కింద దూరి చూస్తున్న బావమరిది చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "వద్దు బావా, పోదాం పా. చైన్ తిప్పే చక్రం పళ్లు సూదుల లెక్క అరిగినయి. రెండు దినాలు గూడ చైన్ నిలవది."

చాయ్ తాగానని చెప్పాను.

"చాయ్ తాగితే ఏమైతది? నేను గూడ తాగిన. గట్లయితే నేనొక డోజర్ కొనాల్నా ఏంది?"

యజమాని కూడా నవ్వాడు. "జల్దీ ఏం లేదు సేఠ్ సాబ్, ఫికర్ జేయకుండ్రి. మంచిగ చూస్కొని రేపు రాండ్రి" అని నాకు తప్పుకునే దారి కూడా చూపించాడు. హమాలీ కొడుకు నామీద జాలిపడి మాట వెనక్కి తీసుకోనిస్తున్నాడని తోచి, నా వెన్ను ఇంకా బిగుసుకుంది. ఆ సాయంత్రమే డబ్బు కట్టేశాను.

డోజరు పొలంలో దిగిన రోజు తమ్ముడికి కబురు పెట్టాను. రోడ్డు మీది నుంచి తిన్నగా భూమి నడుమకు తుమ్మను పెళ్లగించుకుంటూ పోయిందది. దాని వెనకాల ఎర్రమట్టిలో నడుస్తూ పోతుంటే, పోయినవన్నీ తిరిగొస్తున్నట్టే ఉండింది. మూడోనాడు చైను జారింది. ఎక్కించారు, మళ్లీ జారింది. బావమరిది తన సెలవులన్నీ ఆ ఇనుము కిందే గడిపాడు. కొత్త చైను, చక్రాలు వేయించే స్తోమత నాకు లేదు. చేతులు చాచి ఒకరిని అడిగే అలవాటూ లేదు. అప్పుడైనా కిరాయి బండి పిలిపించి ఉంటే గడువులోగా పని అయ్యేది. సొంత డోజరు పొలంలో పెట్టుకుని కిరాయి బండిని ఎలా పిలవను?

వాన పడింది. యంత్రం బురదలో నడుము దాకా దిగబడిపోయింది. గడువు నాటికి పని చూడటానికి వచ్చిన తమ్ముడు తన గొడుగు నా తల మీదికి జరిపాడు. "తడుస్తున్నవ్ అన్నా. పోదాం పా." ఆ తరువాతి వారమే సంతకం పెట్టాను. డోజరును తుక్కువాళ్లు అక్కడే కోసి ముక్కలుగా పట్టుకుపోయారట. నేను చూడలేదు.

పోయినేడు ఒక చావుకు షాద్‌నగర్ వైపు వెళ్లి, వస్తూ వస్తూ మా పాత భూమి దగ్గర దిగాను. తుమ్మ లేదు, ఎర్రమట్టి కనపడదు, అన్నీ ఇళ్లే. పెద్ద గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, "ఎవరింటికి పోవాలె బాపూ? ప్లాట్ నంబర్ చెప్పు" అన్నాడు. ఒకప్పుడు మా ఇంటిపేరు చెబితే కుర్చీలు తుడిచేవారు. ఇప్పుడు నా దగ్గర చెప్పడానికి నంబరైనా లేదు. అతని భుజం మీదుగా లోపలికి చూశాను. గేటు నుంచి తిన్నగా నడుమ దాకా పోయి ఆగిన వాళ్ల పెద్ద రోడ్డు, ఆ మూడు రోజుల్లో నేను తీయించిన దారే.