బొమ్మ పోయిన మధ్యాహ్నం

మా చిన్నప్పుడు బోధన్‌లో మా ఇంటికి రావాలంటే ఎవరికీ అడ్రసు అక్కరలేదు... తల పైకెత్తి నల్ల వైరు వెంట నడిస్తే చాలు. డాబా మీద నుంచి డాబా మీదికి, స్తంభం మీద నుంచి వేపకొమ్మకు... చుట్టుపక్కల గల్లీల వైర్లన్నీ మా ముందరి గదిలోకే వచ్చి చేరేవి. బాపు అంటే మా నాన్న... ఆయనది కేబుల్ టీవీ.

ఆ గదిని కంట్రోల్ రూం అనేవాళ్లం. ఇనుప స్టాండు మీద వరుసగా రిసీవర్ డబ్బాలు, వాటి ఎర్ర లైట్లు, ఆగకుండా తిరిగే రెండు ఫ్యాన్లు... చల్లగా ఉంటుందని అన్నం కూడా అక్కడే తినేవాళ్లం.

ఆ ఏడు ఎండాకాలం చివర జపాన్‌లో, కొరియాలో ఫుట్‌బాల్ ప్రపంచ పోటీలు వచ్చాయి. చాలా ఆటలు మనకు పగటి పూటే. వాటిని చూపించే హక్కు ఒక పే చానల్ కొనుక్కుంది. ఎన్ని ఇళ్లకు చూపిస్తే అన్ని ఇళ్ల లెక్కన కేబుల్ వాళ్లు ఆ కంపెనీకి కట్టాలి. అది బాపు తాహతుకు మించిన పని.

మా వీధి టైలర్ ఖాజా చాచా వయసులో ఉన్నప్పుడు షుగర్ ఫ్యాక్టరీ గ్రౌండులో గోల్‌కీపర్‌గా ఆడిన మనిషి. పోటీలు మొదలు కాకముందే బాపు వెంట పడ్డాడు.

"శంకరన్నా, బ్రెజిల్ ఆట సూపియ్యకపోతే నీ ప్యాంట్లు నేను కుట్ట. లుంగీ మీదనే తిరుగు."

బాపు నవ్వాడు. మర్నాడు నిజామాబాద్ పోయి, తెలిసిన లాడ్జి ఆయన తన గదుల టీవీల కోసం తీసుకున్న, ఆ చానల్ తెరుచుకునే కార్డును అడిగి తెచ్చాడు. దాన్ని రిసీవర్ డబ్బాలో పెట్టాడు. లాడ్జికని ఇచ్చిన కార్డుతో మా గల్లీలన్నీ ఆట చూశాయి...

కొన్ని రోజులకు లాడ్జి ఆయన ఫోన్ చేశాడు. కంపెనీ మనుషులు జిల్లాలో దిగారట. దొంగతనంగా చూపించేవాళ్లను పోలీసులకు పట్టిస్తున్నారట. డబ్బాలన్నీ ఎత్తుకుపోతున్నారట.

ఫోన్ పెట్టేసి బాపు ఆ ఎర్ర లైట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"తీసెయ్యరాదు ఆ కార్డు," అంది అమ్మ.

"తీస్తె జనం ఊకుంటరా?"

"నిన్ను తీస్కపోతె మేం ఊకుండాల్నా?"

ఆ రోజు నుంచి గేటు చప్పుడైతే అమ్మ చేతిలో పని ఆగిపోయేది. జీపు వినిపిస్తే నేను మంచం కింద దూరేదాన్ని. ఎవరైనా అడిగితే బాపు ఊర్లో లేడని చెప్పమంది అమ్మ. కార్డు మాట ఎక్కడా ఎత్తొద్దంది. నోరు జారుతుందేమోనని నేను వీధి పిల్లలతో మాట్లాడటమే మానేశాను.

ఆ మధ్యాహ్నం బ్రెజిల్ ఆట. మబ్బు పట్టిందని, బట్టలు తెమ్మని అమ్మ నన్ను డాబా మీదికి పంపింది. వీధిలో మనిషి లేడు... అన్ని ఇళ్లలోంచి ఒకటే కామెంట్రీ. తువ్వాలు తీస్తూ కిందికి చూశాను.

చాచా దుకాణం మలుపులో ఇద్దరు కొత్త మనుషులు. టక్కు చేసుకున్నారు. ఒకాయన చంకలో బ్యాగు. ఇద్దరూ తల పైకెత్తి నడుస్తున్నారు... వైరు రెండుగా చీలిన చోట ఆగారు. బ్యాగు ఆయన వేలు చాచి ఎడమకు చూపించాడు. తర్వాత కుడికి. మా ఇల్లు కుడి వైపు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. బట్టలు దారిలోనే పడిపోయాయి.

"బాపూ... వస్తున్రు. మీదికి చూసుకుంట వస్తున్రు."

బాపు కార్డు లాగేశాడు. తెర నీలంగా మారింది. అమ్మ కార్డును బియ్యం డబ్బాలో లోపలికి గుచ్చి, తలుపు గడియ పెట్టింది. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. వీధిలో కామెంట్రీ ఆగిపోయింది... అన్ని ఇళ్లలో ఒకేసారి. చూపించడం లేదు కాబట్టి ఇక ఎవరూ ఏమీ చేయలేరనుకున్నాం.

అప్పుడు తలుపులు తెరుచుకోవడం వినిపించింది. ముందు ఎదురింటిది. తర్వాత పక్కది. తర్వాత వెనుక గల్లీలో... చెప్పుల చప్పుడు. టీవీలో బొమ్మ పోతే కేబుల్ వాళ్ల ఇంటికి పోయి అడగడం మా దగ్గర అలవాటు. ఆ సంగతి ముగ్గురికీ అప్పుడు గుర్తొచ్చింది. బాపు అమ్మ ముఖం చూశాడు.

నేను కిటికీ సందులోంచి చూశాను. ముందు ఖాజా చాచా, మెడలో టేపు. వెనుక వీధి మొత్తం. మధ్యలో ఆ ఇద్దరు... ఇప్పుడు వాళ్లు పైకి చూడటం లేదు.

"ఓ శంకరన్నా, పండుకున్నవా? గోల్ కొట్టెటప్పుడే బంద్ జేస్తవా?" చాచా తలుపు బాదాడు. "ఈ సార్లు గూడ నీ ఇల్లే అడుగుతున్రు. పాపం, ఆట కోసం తిరుగుతున్నట్టున్నరు... నేనే తోల్కచ్చిన."

బాపే లేచి గడియ తీశాడు.

బ్యాగు ఆయన గట్టిగా ఏమీ అనలేదు. కార్డు ఇవ్వమన్నాడు. అమ్మ బియ్యంలో చేయి పెట్టి వెతికింది. గింజలు గచ్చు మీద రాలుతున్నాయి. డబ్బాలన్నీ విప్పి ఆటోలో పెట్టారు. బాపును కూడా ఎక్కించుకుని స్టేషనుకు పోయారు. చాచా మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ కాసేపు నిలబడి, ఆటో పోయిన దారిలో నడిచాడు.

దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ కలిసి తిరిగొచ్చారు. స్టేషన్‌లో ఏం జరిగిందో బాపు చెప్పలేదు. డబ్బాలు మాత్రం తిరిగి రాలేదు. కేబుల్ పని అక్కడితో ఆగింది. బాపు వర్ని రోడ్డులో ఎరువుల దుకాణంలో కుదిరాడు. ఆ ఏడు కప్పు బ్రెజిల్‌దే... ఆ మాట చాచా మా ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. బాపు ప్యాంట్లు మాత్రం ఇప్పటికీ ఆయనే కుడతాడు. కూలి తీసుకోడు.

ఇప్పుడు మా డాబాల మీద ఆ నల్ల వైర్లు లేవు. పోటీలు వస్తే హక్కులు ఎవరివో కూడా తెలియడం లేదు. మా అబ్బాయి ఫోనులో ఏదో లింకు నొక్కి చూస్తాడు. పైసలు కట్టినవా అంటే, "అందరు చూస్తున్నరు మమ్మీ" అంటాడు. నేను లేచి కిటికీ దగ్గరికి పోతాను. వైరే లేని వీధిలో ఎవరైనా పైకి చూస్తూ వస్తున్నారేమోనని కాసేపు నిలబడతాను...

మీ ఊర్లో బొమ్మ పోతే మీరు ఎవరి తలుపు కొట్టేవాళ్లు? గుర్తుంటే చెప్పండి... ఆ తలుపుకు ఎప్పుడైనా లోపల గడియ పెట్టి ఉండేదా?