నలభై అయిదు రోజుల్లో డిఫెన్సు

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అమ్మతోడు. అమ్మతోడు చాలదనేవాళ్ల కోసం, ఇన్నేళ్లుగా నాకు కూడు పెడుతున్న కంప్యూటర్ మీద చెయ్యి పెట్టి మరీ ఒట్టేస్తున్నాను. అమీర్‌పేటలో నన్నెరిగినవాళ్లు ఈ మాటకే నవ్వుతారు. నవ్వనివ్వండి.

అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండో అంతస్తులో నాది డీటీపీ షాపు. కోచింగ్ సెంటర్లకు కరపత్రాలు చేసిస్తాను. "రియల్ టైమ్ ఫ్యాకల్టీ", "వంద శాతం ప్లేస్‌మెంట్", "డెమో క్లాసు ఉచితం" అని మీరు ఏ కరెంటు స్తంభం మీద చదివినా, అది నా చేతుల మీదుగా పోయిందే అయి ఉంటుంది.

పని లేని సాయంత్రాలు మన ఊరి ఫుట్‌బాల్ జట్టు మీద ఉత్తుత్తి ప్రకటనలు చేసి ఇంటర్నెట్లో పెడుతుంటాను. దానికో పేజీ ఉంది. ఫుట్‌బాల్ భాష నాకు రాదు. వచ్చిందల్లా అమీర్‌పేట గోడల భాష. జట్టు పట్టికలో దాదాపు అడుగుకు జారినప్పుడు ఆటగాళ్ల మొహాలను గుండ్రటి ఫ్రేముల్లో వరసగా పేర్చి, "మళ్లీ మనదే ప్రభంజనం. చివరి నుంచి రెండో ర్యాంకు" అని పెట్టాను. మధ్యలో ఆడేవాళ్లకు బంతే తగలని రోజున "కనబడుటలేదు. ఉదయం మైదానానికని బయలుదేరి ఇంతవరకు చేరలేదు" అని వాళ్ల ఫొటోలు వేశాను. ఇక జట్టు డిఫెన్సు మీద పెట్టింది టూలెట్ బోర్డు. "గోలు ముందు విశాలమైన ఖాళీ స్థలం అద్దెకు కలదు. గాలి, వెలుతురు ధారాళం. బ్యాచిలర్లకు కూడా ఇవ్వబడును."

ఆ చివరి వాక్యం ఊరిని ఊపేసింది. యూసుఫ్‌గూడలో గది కోసం తిరిగే కుర్రాళ్లంతా దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. మెట్రోలో పక్కనున్నవాడు నా పోస్టు నాకే చూపించి, "ఎవడో గానీ మస్తు దిమాగున్నోడన్నా" అన్నాడు. నేను అమీర్‌పేటలో దిగాలి. ఆ మాట ఇంకోసారి అంటాడేమోనని పంజాగుట్ట దాకా పోయాను.

మెచ్చనివాడు ఒక్కడే. మా మెట్ల కింద ఆల్టరేషన్ టైలర్, మేమంతా భాయ్ అంటాం. వయసులో ఉన్నప్పుడు లెఫ్ట్ బ్యాక్, అంటే డిఫెన్సులో ఎడమ వైపు, ఆడినవాడు.

"గా టూలెట్ బోర్డు నువ్వే పెట్టినవా?" అని అడిగాడు ఒకరోజు.

"బాగుందా భాయ్?"

"నువ్వు జిందగీల బంతి తన్నినవా?"

"లే."

"ఎదురుంగ ఉరికొస్తున్నోన్ని ఎన్నడన్న ఆపినవా?"

"మా ఇంటి ఓనర్ని ఆపిన. ప్రతి ఒకటో తారీఖు ఆపుత."

అతను నవ్వలేదు. "గోల్ కొట్టినోని ఫొటో పేపర్ల ఏస్తరు. ఆపినోని ఫొటో ఎవ్వడు ఎయ్యడు. గోల్ పడ్డనాడే అందరికి డిఫెన్స్ యాదికొస్తది. నువ్వు సుత గంతే మియా."

ఆనాటి నుంచి నాతో మాటలు బంద్. చాయ్ తాగేటప్పుడు నేను కనిపిస్తే గ్లాసుతో సహా గోడ వైపు తిరిగేవాడు.

నేను తగ్గే రకం కాదు. పక్క వారమే అచ్చం కోచింగ్ సెంటర్ కరపత్రంలా ఇంకొకటి చేశాను. "నలభై అయిదు రోజుల్లో డిఫెన్సు. మన జట్టు ఆటగాళ్లకు ప్రత్యేక రాయితీ. బిగినర్లు కూడా చేరవచ్చు. వంద శాతం ప్లేస్‌మెంట్, బెంచీ మీద. ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఉచిత డెమో." అంతా అయ్యాక అడుగున ఖాళీగా కనిపించింది. చిరునామా లేని కరపత్రం నా కంటికి తల దువ్వని పెళ్లికొడుకులా ఉంటుంది. చెయ్యి దానంతటదే మా టిఫిన్ సెంటర్, మా మెట్లు, మా రెండో అంతస్తు కొట్టేసింది.

ఇంకో చోటైతే నవ్వి ఊరుకుంటారు. అమీర్‌పేటలో ఉచిత డెమో అని రాస్తే జనం వస్తారు.

ఆదివారం పొద్దున అర్జెంటు పని ఒకటుండి షాపుకు వచ్చేసరికి మెట్ల నిండా మనుషులు. పై మెట్టు మీద ఒకామె, పక్కన పద్నాలుగేళ్ల కూతురు, ఆ పిల్ల చంకలో సంచీ, సంచీలో బంతి.

"అన్నా, ఫుట్‌బాల్ క్లాస్ గిదేనా?" అందామె. "నేను పక్క గల్లీల లేడీస్ హాస్టల్ల వంట చేస్త. ఆడున్న పిల్లలు ఫోన్ల చూపెట్టిండ్రు. ఇయ్యాల టిఫిన్ పని ఇంకొకామెకు అప్పజెప్పి, బిడ్డను తోల్కొని బోరబండ నుంచి వచ్చిన."

పిల్ల వైపు తిరిగి అడిగాను, "ఏడ ఆడుతవమ్మా?"

"బ్యాక్ సార్. స్కూల్ల పీటీ సార్ పోయిండు, టీమ్ తీసేసిండ్రు. మా దిక్కు గ్రౌండ్ల మొగపోరగాళ్లు రానియ్యరు." అని నా కరపత్రం ప్రింటు మడత విప్పి వేలు పెట్టి చూపించింది. "బిగినర్స్ సుత రావొచ్చని రాసిండ్రు గద."

తల్లి గొంతు తగ్గించింది. "ఇది సుత కాకుంటె ఆటే బంద్ చేస్తదంటన్నా. బూట్లు చెల్లెకిచ్చేస్తనంటుంది."

ఇది జోకు తల్లీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పుట్టినప్పటి నుంచీ లేనిది ఉన్నట్టు చెప్పి నమ్మించినవాణ్ణి, ఉన్నదొక్కటి చెప్పలేకపోయాను. "ఫ్యాకల్టీ వస్తున్నడు, కూసోండ్రి" అని కిందికి ఉరికాను.

భాయ్ ఆదివారం కూడా షాపు తెరుస్తాడు. ప్యాంటు పొట్టి చేస్తున్నాడు.

"భాయ్, డిఫెన్స్ నేర్చుకుంటమని పైన జనం వచ్చిండ్రు."

మిషన్ ఆగలేదు. "గాలి, వెలుతురు చూపెట్టు పో."

"ఒక పిల్ల వచ్చింది. అందరు గోల్ కొడ్తమంటరు, గీ పిల్ల ఆపుతనంటుంది."

మిషన్ ఆగింది. "రైటా, లెఫ్టా?"

"అడగలే."

"గది సుత అడగలే. నువ్వేం ఇన్‌స్టిట్యూట్ పెట్టినవ్ మియా." మెడలోని టేపు కూడా తీయకుండా లేచాడు.

క్లాసు మా బిల్డింగు సెల్లార్లో జరిగింది. ఆదివారం బండ్లుండవు. వచ్చినవాళ్లలో ఆడపిల్ల తనొక్కతే అని చూసుకుని ఆ అమ్మాయి స్తంభానికి అతుక్కుపోయింది. వెనక వరసలో పొడుగాటి మనిషి ఒకడు, టోపీ, మాస్కు, చేతిలో పెన్ను. సరిగ్గా చూద్దును కదా, మన జట్టు సెంటర్ బ్యాక్. నా పోస్టు చదివి సిగ్గుపడి, మారువేషంలో నేర్చుకోవడానికి వచ్చాడు. ఆ సంగతే అమ్మాయి చెవిలో వేశాను. "ఆయన దగ్గర బంతి గుంజుకుంటే నువ్వు గెలిచినట్టే."

భాయ్ ఆమెను ముందుకు పిలిచాడు. "బంతిని చూడకు. కాళ్లు సుత చూడకు, అవి మోసం చేస్తయ్. నడుమును చూడు. మనిషి ఏ దిక్కు పోతడో నడుము ముందే చెప్పేస్తది. నలభై ఏండ్ల సంది నడుములే కొలుస్తున్న, నా మాట నమ్ము."

పొడుగాటివాడు బంతితో వచ్చాడు. ఆమె కదల్లేదు, నడుమే చూసింది. అతను ఎడమకు తిరిగేలోపు బంతి ఆమె బూటు కింద ఉంది. రెండోసారి ఆమె బంతితో వెళ్లింది. అతను అడ్డంగా నిలబడిపోయాడు, బంతి అతని మోకాలికి తగిలి ఆగింది. "శాబాష్" అన్నాడు భాయ్, ఇద్దరికీ కలిపి. తల్లి మెట్ల మీద కూర్చుని, కూతురి చెప్పులు ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. బూట్లు ఎవరికీ ఇవ్వలేదు.

నలభై అయిదు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. క్లాసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు అయిదుగురు ఆడపిల్లలు. భాయ్ నాతో మాట్లాడుతున్నాడు, ఎక్కువగా తిట్టడానికే. సెల్లార్ ముందు ఒక ఫ్లెక్సీ కట్టాను. నడిమధ్యన, బంగారు రంగు ఫ్రేములో, మెడలో టేపుతో భాయ్. చుట్టూ పిల్లలు. పైన "ఆపినవాళ్లు" అని ఒకటే మాట. ఎన్ని వందల ర్యాంకుల ప్రకటనలు చేశానో గానీ, వాటిలో ఒక్క మాట కూడా పెంచి రాయనిది ఇదే. రోజూ షాపుకు ఎక్కేముందు ఒకసారి దాని ముందు నిలబడతాను.

ఒట్టేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఆ పొడుగాటివాడు మన జట్టు సెంటర్ బ్యాక్ కాడు. పక్క బిల్డింగులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు డెమోకని వచ్చి, మెట్లు తప్పి మా దగ్గర తేలాడు. సెంటర్ బ్యాక్ సంగతి నేను అప్పటికప్పుడు కల్పించింది, ఆ పిల్ల స్తంభాన్ని వదలాలని. మిగిలిందంతా నిజం. అతను ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తున్నాడు, అదీ నిజమే.

ఈమధ్య ఆ అమ్మాయికి కూడా చెప్పేశాను. బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండా అంది, "గప్పుడే తెలుసు సార్. నా బంతిని ఆపిండు గద. మన జట్టోడైతే ఆపుతడా?"

మర్నాడే ఆ మాటను పేజీలో పెట్టాను. మెట్రోలో పక్కవాడు చూసి, "ఎవడన్నా వీడు, గిట్ల రాసిండు" అని పగలబడి నవ్వాడు.

"వీడు గాదు తమ్మీ" అన్నాను. "మా స్టూడెంట్."