కట్టు కింద ఆర్కు

1984లో నేను విశాఖపట్నంలో ఒక కంటి ఆసుపత్రిలో రెటీనా వార్డు సిస్టర్‌ని. దువ్వాడ అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. కంట్లో ఇనుప రజను పడ్డవాళ్ళు, వెల్డింగ్ వెలుగు తగిలి కళ్ళు వాచినవాళ్ళు మా గుమ్మం దగ్గర ఎప్పుడూ ఉండేవారు. చుక్కల మందు వేసి, నాలుగు చీవాట్లు పెట్టి పంపేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వార్డంతా చెప్పుకునేవారు. అది అబద్ధమేమీ కాదు.

గౌరునాయుడు చీవాట్లు పెట్టి పంపేసే కేసు కాదు. గరివిడి పక్క పల్లెలో రైతు కుటుంబం వాళ్ళది. ఫ్యాక్టరీ పనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర వెల్డరుగా చేరాడు. కుడికంట్లో కిందనుంచి నల్లటి తెర లేచి, సగం చూపు కప్పేశాక మా దగ్గరికి వచ్చాడు. దాన్ని రెటీనల్ డిటాచ్‌మెంట్ అంటారు. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే పలుచని పొర రెటీనా. చూపంతా దాని చలవే. అది ఎక్కడో చిరిగి, చెమ్మ పట్టిన గోడమీది కాగితంలా ఊడిపోతుంది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని కసిరాను.

"ఆర్కు కొట్టిందనుకున్నాం సిస్టరమ్మా" అంది అతని భార్య పైడమ్మ. "బంగాళాదుంప ముక్కలు కోసి కళ్ళమీద ఎడతానే ఉన్నాను."

ఆర్కు అంటే వెల్డింగ్ వెలుగు, ఆర్కు కొట్టడం వెల్డర్ల మాట. చేత్తో పట్టుకునే నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకోకుండా ఆ వెలుగు చూస్తే, ఆ రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు మండుతుంది. చల్లదనానికి దుంప ముక్కలు పెట్టుకుంటారు. ఆ మంట దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం దుంపకి వస్తుంది.

"మంట పుట్టిందా?"

"నేదమ్మా. మెరిసీదే గానీ మంట నేదు. ఇంకా మంచిదే కదా అనుకున్నాం."

ఆ రోజుల్లో ఆపరేషన్‌కి ముందూ తర్వాతా రెండు కళ్ళకూ కట్టు కట్టి, తలకి అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టేవాళ్ళం. మంచి కన్ను కదిలితే జబ్బు కన్నూ కదులుతుంది కాబట్టి దానికీ కట్టు తప్పేది కాదు. నాయుడి కుడికంటికి బకిల్ వేశారు. కంటి గోడను బయటనుంచి సిలికాన్ పట్టీతో లోపలికి నొక్కి, ఊడిన పొరకు ఆనించడమే బకిల్. డాక్టరుగారు రోజూ రౌండ్స్‌లో అడిగేవారు, "మెరుపులేమైనా కనిపిస్తున్నాయా?" అని. "నేవు బాబూ" అనేవాడు నాయుడు.

ఒక మధ్యాహ్నం పక్క మంచం దుప్పటి మారుస్తున్నాను. నాయుడి ఎడమచెయ్యి ఠక్కున లేచి ముఖానికి అడ్డం వచ్చింది. పిడికిలి బిగించి ఉంది. కాసేపటికి దించాడు, మళ్ళీ లేపాడు. దోమేమో అని చూశాను. దోమా లేదు, ఈగా లేదు.

"నిన్నటేల నుంచీ అలాగే సేత్తన్నాడు" అంది పైడమ్మ. "పనికాడ అద్దం అలాగే ఎత్తుతాడు. కలొత్తందేటో అనుకున్నాను."

"ఏటి నాయుడూ, చెయ్యెందుకు లేపావు?"

"ఎవుడో ఎడంపక్క ఆర్కు కొడతన్నాడమ్మా. వరండాలో గ్రిల్లు పనేటో. సెప్పకుండా కొట్టేత్తన్నాడు."

"ఇక్కడెవడు కొడతాడయ్యా, నీ కళ్ళకి కట్టుంటేనూ!"

అనేసి ఆగిపోయాను. అంత దూది కింద వెలుగెలా కనిపిస్తుంది? "మరి డాక్టరుగారు అడిగితే మెరుపులు లేవంటావేం?"

"మెరుపులు మొయిల్లో కదమ్మా. ఈ ఎండలో మెరుపులేటి? ఇది ఆర్కు."

ఎడమకంట్లోనూ పొరను ఏదో లాగుతోందన్నమాట. ఎడమది అతనికి మిగిలిన మంచి కన్ను. భోజనానికి దిగుతున్న డాక్టరుగారిని మెట్లమీదే ఆపాను. ఆయన వెనక్కి వచ్చి, కట్టు విప్పి, తలకి దీపం కట్టుకుని చాలాసేపు చూశారు. "చిరుగు పడింది సిస్టర్. పొర ఇంకా ఊడలేదు" అన్నారు. సాయంత్రమే క్రయో చేశారు. బాగా చల్లబరిచిన మొనతో చిరుగు చుట్టూ గడ్డకట్టిస్తే అక్కడ మచ్చ కట్టి, పొర గోడకి అతుక్కుంటుంది.

"నొప్పి నేందే జబ్బేటమ్మా?" అని అడిగాడు నాయుడు, మళ్ళీ కట్టు కట్టాక.

"ఆ పొరకి నొప్పి తెలీదు. లాగినా చింపినా దానికి తెలిసింది వెలుగొక్కటే. అది అలాగే అరుస్తుంది."

ఎడమకన్ను దక్కింది. కుడికంటికి నీడలు తప్ప మరేమీ మిగల్లేదు. వెల్డింగ్ మానెయ్యమన్నప్పుడు నాయుడు తన చేతులకేసి చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. మందుల ట్రే సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఎడమకంట్లో మెరవడం మాత్రం ఆగలేదు. మెరిసినప్పుడల్లా ఉన్న కన్నూ పోయిందని మొగుడూ పెళ్ళాలిద్దరూ బస్సెక్కి వచ్చేసేవారు. తిట్టబోయేదాన్ని, బస్సు టిక్కెట్లు ఇంకా పైడమ్మ గుప్పిట్లోనే ఉండటం చూసి మానేసేదాన్ని. ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. కొత్త చోట మెరిసినా, నల్లచుక్కలు రాలినా, తెర లేచినా ఉన్నపళంగా రావాలి. డాక్టరుగారు చూసి పరవాలేదన్న పాత మెరుపే అయితే, చూపించుకోవాల్సిన తేదీకి వస్తే చాలు.

"అంటే కొత్తార్కయితే పరిగెత్తాల, పాతార్కయితే ఒగ్గీయాల" అన్నాడు నాయుడు. నేను చెప్పినదానికన్నా అదే బాగుంది.

ఆ తర్వాత నేను "మెరుపులు కనిపిస్తున్నాయా" అని అడగడం మానేశాను. ఏం పని చేస్తావని అడిగి, కళ్ళు మూసుకుంటే ఏం కనిపిస్తోందో నీ మాటల్లోనే చెప్పమంటాను. ఒక చేపలమ్మే ఆవిడ "పొలుసు తళుక్కుమంతంది" అంది. హార్బర్లో లాంచి నడిపే ఆయన "ఎవుడో టార్చి ఏత్తన్నాడు" అన్నాడు. నొప్పి లేని ఈ జబ్బుకి పేషెంటు మాటే ఆనవాలు. ఆ మాట నాది కాకుండా అతనిదై ఉండాలని నాయుడి దగ్గరే నేర్చుకున్నాను.

కొన్నేళ్ళకి పూర్ణా మార్కెట్లో ఆ దంపతులు ఎదురయ్యారు. నాయుడు టూల్ రూమ్‌లో సామాన్లిచ్చే పనిలో ఉన్నాడట. పెందుర్తిలో ఇల్లు అద్దెకు తీసుకున్నామని చెబుతూనే, ఎడమచెయ్యి ముఖానికి అడ్డంగా ఎత్తాడు. ఆసుపత్రికి పదమనబోయాను. పైడమ్మ వంకాయలు ఏరుతూ తలైనా తిప్పలేదు.

"పాతదేనా?" అంది.

"పాతదే."

"అయితే ఆ సెయ్యి దించి సంచీ అట్టుకో."