పూండి స్టేషన్‌లో ఆగిపోయిన అల్లుడు

నా వయసువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే కాసేపు నా పక్షాన కూర్చోండి. నలభై ఎనిమిదేళ్ళుగా ఇద్దరు ఆడవాళ్ళు నన్ను మోసం చేస్తున్నారని పోయిన వారమే నాకు తెలిసింది. ఒకరు కట్టుకున్నది, ఇంకొకరు తోడబుట్టింది. ఇద్దరూ మా వరండాలో ఒకే చాప మీద కూర్చుని, జీడి అంటకుండా చేతులకి నూనె రాసుకుని, పచ్చి జీడిగింజలు చీలుస్తూ, వాన వస్తుందా రాదా అన్నంత తేలిగ్గా ఆ సంగతి బయటపెట్టేశారు.

దీనికంతటికీ కారణం మా మనవరాలు. టెక్కలిలో ఉద్యోగం చేస్తుంది. అక్కడే ఒక కుర్రాణ్ణి తనే చూసుకుని, తనే మాట్లాడుకుని, ముహూర్తం మాత్రం మాకు వదిలిపెట్టి పెళ్ళి చేసుకుంది. రెండేళ్ళయింది. మొన్న దానికి విశాఖపట్నం బదిలీ అయితే, వెళ్ళక్కర్లేదని అతగాడు ఒక్క మాటలో తేల్చేశాడట. ఇది ఒక సూట్‌కేసూ లాప్‌టాపూ పట్టుకుని పలాస వచ్చేసింది. మా అబ్బాయి ఫోను చెవిన పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు, కోడలు అన్నం మానేసింది. నేను మాత్రం ఇలాంటివి ఎన్ని తీర్చలేదన్నట్టు పడక కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నాను. మీసం తీయించేసి పదేళ్ళయింది లెండి. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ అక్కడికి పోతుంది.

పిల్లని ఓదార్చడానికి మా చెల్లి పూండి అవతల సముద్రం వైపున్న తన ఊరినుంచి పచ్చి జీడిగింజల సంచీతో వచ్చింది. ఆ ఊరే మా అత్తవారి ఊరు కూడా. ఎందుకంటే మాది కుండమార్పిడి. ఈ కాలం పిల్లలకి ఆ మాటే తెలియదు గానీ మనకి తెలుసు కదా: మా చెల్లిని వాళ్ళబ్బాయికి ఇచ్చారు, వాళ్ళమ్మాయిని నాకు చేశారు. ఒకే పందిరి, ఒకే బాజాలు, రెండు జంటలు. ఇచ్చిపుచ్చుకోవడాల తగువు ఉండదు, మన పిల్ల వాళ్ళ దగ్గరుంటే వాళ్ళ పిల్లని మనం బాగా చూసుకుంటాం అని పెద్దవాళ్ళ ఆలోచన. చెప్పని షరతు ఒకటుండేది. అక్కడ మన పిల్ల కంట నీరు పెట్టిందా, ఇక్కడ వాళ్ళ పిల్లకి మూట కట్టాల్సిందే.

పెళ్ళైన రెండో ఏడు అదే జరిగింది. అప్పుడు నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో మేనేజరుని. మేనేజరంటే మరీ మేనేజరు కాదు, గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి హాజరు వేసేవాణ్ణి. జీడితోటల్లో పళ్ళు ఏరే రోజులు. అన్నం ఆలస్యమైందని మా బావ చెల్లి మీద చెయ్యి చేసుకున్నాడు. అది చెంప మీద అయిదు వేళ్ళతో పలాస వచ్చి కూలబడింది. మర్నాడే మా అమ్మ, మీ అన్నకి మా పిల్ల అక్కర్లేనప్పుడు నువ్వు మాకెందుకని, మా ఆవిడకి మూట కట్టించింది. నేనే తీసుకెళ్ళి పాసింజరు ఎక్కించాను. రైలు కదిలాక ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, కనిపించినంతసేపూ నన్నే చూసింది. కళ్ళనిండా నీళ్ళు. ఆ చూపుని నేను ఇన్నేళ్ళూ ఎలా దాచుకున్నానో చెబితే నవ్వుతారు. ఎక్కడ ఏ మాట పడ్డా, ఎవరు నన్ను చులకన చేసినా, నాకోసం అలా చూసిన మనిషి ఒకతె ఉంది కదా అనుకునేవాణ్ణి.

తరవాతి కథ మా వీధిలో అందరికీ వచ్చు. తొమ్మిదో రోజున నేను పూండిలో రైలు దిగి, మూడు మైళ్ళు కొబ్బరితోటల్లో నడిచి, అత్తవారి వాకిట్లో నిలబడి, నా భార్యని నాతో పంపుతారా లేక నన్నే ఇల్లరికం ఉంచుకుంటారా అని గర్జించాను. మామగారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. బావ తలదించుకున్నాడు. మా అమ్మా, బావా బతికున్నన్నాళ్ళూ ఈ కథ వాళ్ళ చెవిన పడకుండా చెప్పేవాణ్ణి. వాళ్ళు పోయాక బాహాటంగా చెప్పాను. చెప్పినప్పుడల్లా వాకిట్లో జనం పెరిగారు. ఒకసారి రెండు కుక్కలు కూడా వచ్చి చేరాయి.

నిజం మీకు చెబుతాను. పూండిలో దిగిన మాట నిజం. దిగి, ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. పెళ్ళాం కోసం పరుగెత్తుకొచ్చాడని ఆ ఊరు నవ్వదా, రేపు గేటు దగ్గర జీడి ఒలిచేవాళ్ళు నవ్వరా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పొట్లం పకోడీ తిన్నాను. సాయంత్రం తిరుగు బండెక్కి ఇంటికొచ్చేశాను. ఇంకో మూడు రోజులకి బావే పలాస వచ్చి, మా అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని చెప్పి చెల్లిని తీసుకెళ్ళాడు. మర్నాడు మా ఆవిడని తెచ్చి దిగబెట్టాడు. నేను వెళ్ళనే లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అయినా నా గర్జన కథ విన్నప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది తప్ప ఒక్క మాట అనేది కాదు. పూండి దాకా వెళ్ళానన్నది మాత్రం నా ఒక్కడి రహస్యం అనుకున్నాను. ఎప్పటికైనా పనికొస్తుందని దాచుకున్నాను.

మళ్ళీ చాప దగ్గరికి వద్దాం. నేను కుర్చీలో కళ్ళు మూసుకున్నాను, నిద్రపోయానని వాళ్ళ నమ్మకం.

"ఒలే గుంటా, ఏడవకు," అంది మా చెల్లి మనవరాలితో. "మీ మామ్మా నానూ పెళ్ళినాడే ఒట్టేసుకున్నాం. ఎవులి మీద సెయ్యి పడినా ఇద్దరం పుట్టింటికెల్లిపోవాల. మొగుడొచ్చి పిలిత్తేగాని రాకూడదు. ఆ రోజు మీ మామ్మే మాయమ్మని ఎగదోసినాది, నన్నూ పంపీ అత్తా, అప్పుడుగాని మాయన్నకి బుద్ధిరాదు అని."

"అంటే స్ట్రైకా మామ్మా?"

"ఏటో మరి," అంది మా ఆవిడ. "అప్పుడు దానికా పేరని తెల్దు."

"మావోడు పన్నెండో నాడు దిగొచ్చినాడు," అంది చెల్లి. "మీ తాతే..."

"తాత ముందే వెళ్ళాడుగా! వాకిట్లో నిలబడి గర్జించాడుగా!"

ఇద్దరు ముసలమ్మలూ పడీపడీ నవ్వారు. "గర్జించినాడా? ఏ వాకిట్లోనే? నాను సూడ్నేదే!" అంటూ మా ఆవిడ కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. చెల్లి నవ్వు ఆపుకుని గొంతు తగ్గించింది. "ఒట్టు తప్పి నా కోసం వచ్చీసినాదే మీ మామ్మ. మొగుడు రాకుండా రానని కూకుంటే మాయమ్మ నన్ను మళ్ళీ పిలిపించేత్తాదని."

నేను కళ్ళు తెరిచాను. కన్నీళ్ళు ఒప్పందం, మూట ఒప్పందం, తిరిగి రావడం నా కోసం కాదు, మా చెల్లి కోసం. నేను ఆడుతున్నాననుకున్న నాటకంలో నాకు వేషమే లేదు. అంత బాధలోనూ నా చివరి ఆయుధం గుర్తొచ్చింది.

"నేను పూండి దాకా వచ్చాను," అన్నాను. "ఎవరికీ తెలియదు."

మా ఆవిడ తలెత్తలేదు. చేతిలో గింజ చీల్చి, పప్పు గిన్నెలో వేసింది.

"తెలుసు మావా. నీతోపాటే రైలు దిగిన సేపలమ్మే మనిసి వచ్చి సెప్పినాది, మీ ఆయన బల్ల మీద కూకున్నాడు, వత్తన్నాడు అని. తలకి పోసుకున్నాను. ఇలాటి పచ్చి జీడిపప్పే కూరొండినాను. సాయంత్రం బండి కూత ఇనబడినాక మూత తీసి మాయన్నకి పెట్టీసినాను."

చెల్లి చేతిలో గింజ పక్కన పెట్టేసింది. ఇది దానికీ తెలియదు కాబోలు. మనవరాలు నా వంక చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. ఇంతకుముందు నన్ను మోసం చేశారన్నాను కదా. లెక్కకి ముందు మోసం ఎవరిదో మీరే చూసుకోండి, నాకు తీరిక లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆ కుర్రాడు టెక్కలి నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. గేటు దగ్గర ఆగలేదు. ఎదురింటివాళ్ళు చూస్తుండగానే వరండా ఎక్కి, తప్పు నాది, నువ్వు విశాఖ వెళ్ళు, శని ఆదివారాలు నేను వస్తాను అనేశాడు. మనవరాలు వెంటనే కరగలేదు, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటికి మంచినీళ్ళు తెచ్చింది. ఎండలో వచ్చినవాడి మొహం మీద సిగ్గు అనేది ఎక్కడా లేదు. మా ఆవిడ పీట వాల్చి, కూర మూత తీసి, మొదట అతనికే వడ్డించింది.

ఇప్పుడు ఒకళ్ళ గొడవకి ఇంకొకళ్ళకి మూట కట్టడం లేదు. మంచిదే. ఇద్దరి మధ్య వచ్చింది ఇద్దరితోనే పోతుంది. కాకపోతే, ఈ పిల్ల సూట్‌కేసు సర్దుకుంటున్నప్పుడు దానితోపాటు ఇంకో ఇంట్లో సూట్‌కేసు సర్దుకునే మనిషి ఎవరూ లేరే అని కూడా అనిపించింది. మా ఇంటి ఇద్దరాడవాళ్ళకీ ఒకరికొకరు ఉన్నారు. మాకు, మగవాళ్ళకి, పరువు ఉండేది. ఎంత బరువైన పరువంటే, దాన్ని మోసుకుని మూడు మైళ్ళు నడవలేకపోయాం.

అతని తరవాత నాకూ వడ్డించింది. తింటూ అడుగుదామనుకున్నాను: ఒప్పందం సరే, నాటకం సరే, రైలు మలుపు తిరిగేదాకా నన్నెందుకు చూశావు? నేనూ ఎక్కుతానేమోనని చూశావా? మాట నోటిదాకా వచ్చింది. ఇంకాస్త కూర వెయ్యమన్నాను. పూండి దాకా వెళ్ళి ఆగిపోవడం నాకు కొత్త కాదు కదా.