కుడిచేతి గింజలు

మొన్న మంగళవారం ఉదయం ఏడూ నలభైకి, కెనడా రిచ్‌మండ్ హిల్‌లోని మా బాల్కనీ రెయిలింగ్ మీద గోల్డ్‌ఫించ్ అనే చిన్న పిట్ట ఒకటి వాలింది. ఇక్కడి గోల్డ్‌ఫించ్‌కి మొహాన ఎరుపు ఉండదు. ఎరుపున్నది యూరప్ పిట్ట. దాన్ని నేను చూసింది కాగితం మీదే, అదీ నలుపూ తెలుపుల్లో, రిటైరయ్యాక, రాగిరేకు మీద బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసే ప్రింట్‌మేకింగ్ నేర్చుకుందామని మార్కమ్ వైపు ఒక కాలేజీలో చేరిన చలికాలంలో.

కాలేజీల నిండా మన పిల్లలే కనిపించిన సంవత్సరాలవి. కాంటీన్ లైన్లో నిలబడితే ముందు గుంటూరు యాస, వెనక కరీంనగర్ యాస వినిపించేవి. నా పక్క బల్ల ఒక నల్గొండ అమ్మాయిది. పగలు క్లాసు, సాయంత్రం కాఫీ షాపులో పార్ట్‌టైమ్. టర్మ్ చివర అందరికన్నా మంచి ప్రింట్ తీసినవాళ్లకి స్టూడియో అసిస్టెంట్ పని ఇస్తామన్నారు; అది వస్తే కాఫీ షాపు మానేసి రాగిరేకుల మధ్యే ఉండిపోవచ్చని ఆమె ఆశ.

టీచర్ మాకు నకలు తీయమని పదిహేడో శతాబ్దపు ప్రింట్ ఒకటి ఇచ్చింది. తల్లి ఒళ్లో బాలయేసు, ఆమె కుడిచేతిలో గింజలు, వాటిని పొడుచుకు తింటున్న గోల్డ్‌ఫించ్. సిలువ మీది క్రీస్తు నుదుటి ముల్లును ఆ పిట్ట లాగబోతే రక్తపు చుక్క దాని మొహాన పడిందట, అందుకే పసివాడి దగ్గర దాన్ని గీస్తే రాబోయే సిలువను చెప్పినట్టట. బాపట్ల సండే స్కూల్లో సిలువ కథ ఏటా విన్న నాకు ఈ పిట్ట సంగతి ఎవరూ చెప్పలేదు. బయట మంచు రాలుతుంటే, ఆ నల్ల గీతల్లో లేని ఎరుపు నాకు చాలాసేపు కనిపిస్తూనే ఉంది.

రేకు మీద ఉన్నదున్నట్టు గీస్తే అచ్చులో కుడి ఎడమవుతుంది. ఆ అమ్మాయి తెలిసీ మరిచిపోయింది. మొదటి అచ్చు ఎత్తి చూసి, “అయ్యో ఆంటీ, ఎడమ చేత్తో పెడ్తోంది!” అంది. పాతకాలపు పనివాళ్లూ అలాగే వదిలేసేవారు, ఇది చాలా బాగుంది, ఇచ్చెయ్యమంది టీచర్. ఇక్కడెవరూ పట్టించుకోరు తల్లీ అన్నాను నేను.

“మనం చూస్తం గదా ఆంటీ. మా నాయనమ్మ చూస్తే నా చెయ్యి విరగ్గొడ్తది.”

రేకును వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. గడువు నాటికి తల్లీ బిడ్డా వచ్చారు, కుడిచేతి నిండా గింజలొచ్చాయి, పిట్ట రాలేదు. పిట్ట లేకపోతే సిలువ సూచనే లేదని టీచర్ మెల్లగా చెప్పింది. పని ఇంకొకరికి వెళ్లింది. ఆ అచ్చు నాకిచ్చి అమ్మాయి పడమటనున్న అల్బర్టా రాష్ట్రానికి వెళ్లింది. కొన్నాళ్లు మెసేజ్‌లు పెట్టేది, తర్వాత నంబరు మారింది. మన పిల్లలు రావడం తగ్గాక ఆ కోర్సూ ఎత్తేశారు.

అచ్చు మా హాల్లో ఉంది. మధ్యాహ్నపు వెలుగులో చూస్తుంటే పిట్ట ఇంకా రాలేదనీ, ముళ్లూ సిలువా ఇంకా ఎక్కడో దూరంలో ఉన్నాయనీ అనిపిస్తుంది. పోయినవి మాత్రం ఒక ఉద్యోగం, ఒక తరగతి గది, ఒక ఫోన్ నంబరు.