అడగడం నేర్పని తరగతి

మా పిన్ని ఇరవై రెండేళ్లు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పింది. అందులో పంతొమ్మిదేళ్లు ఒక చిన్న బడిలో గడిచాయి. అది మూతపడ్డాక మిగిలిన మూడేళ్లూ ఒక పెద్ద హోటలు నేలమాళిగలో, దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే విభాగంలో గడిచాయి. మొదటి పంతొమ్మిదేళ్ల విషయంలో ఆమెను వేలెత్తి చూపగలవాళ్లు ఎవరూ లేరు. నేను రాస్తున్నది ఆ చివరి మూడేళ్ల గురించి.

వాక్యమంటే ఏమిటో నాకు మొదట చెప్పింది ఆమే. నన్ను వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, కూరగాయలు తరుగుతూ చెప్పేది.

"లోకంలో మాటలు నాలుగే రకాలే పిల్లా. ఉన్నది చెప్పడం, తెలియనిది అడగడం, ఇంకొకళ్లకి పని పురమాయించడం, నోరెళ్లబెట్టడం. ఇంగ్లీషువాళ్లు వాటికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకున్నారు, అంతే."

డిక్లరేటివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ. నా నాలుక మడతపడినప్పుడల్లా నవ్వేది. "మీ బాబాయిని చూడు, ఆ నాలుగో రకంతోనే సంసారం నెట్టుకొచ్చేస్తున్నారు. నేనేం చెప్పినా 'ఔరా' అంటారు." పక్కగదిలోంచి బాబాయి నిజంగానే "ఔరా!" అనేవాడు.

బడి మూతపడ్డాక పదకొండు నెలలు ఆమె ఖాళీగా కూర్చుంది. అప్పుడొచ్చింది హోటలు పిలుపు. అక్కడ పనిచేసే ఆడవాళ్లకు తెలుగు తప్ప మరో భాష రాదు. బస చేసేవాళ్లు, పై అధికారులు, నోటీసు బోర్డు, అన్నీ ఇంగ్లీషే. పనివాళ్లకు రోజుకో గంట ఇంగ్లీషు చెప్పిస్తే హోటలు స్థాయి పెరుగుతుందని ఎవరికో తోచింది. పగటి బ్యాచి దిగి, సాయంత్రం బ్యాచి ఎక్కే మధ్యలో, మూడు నుంచి నాలుగు దాకా తరగతి. సబ్బుపొడి డ్రమ్ముల మీద తెల్లబోర్డు ఆనించేవారు. ఆడవాళ్లు తువ్వాళ్ల మూటల మీద కూర్చునేవారు. గోడల మీద ఆవిరి చెమటలా కారుతుండేది. అవతల, మనిషి పొడవున్న ఇస్త్రీ రోలరు తిరుగుతూనే ఉండేది.

ఆ తువ్వాళ్ల మూటల్లో ముందు వరసలో కూర్చునేది మడతక్క. ఆమె మడిచిన దుప్పటికి నాలుగంచులూ గీత గీసినట్టు కలిసేవి. అందుకని తోటివాళ్లు ఆ పేరు పెట్టారు, అదే ఖాయమైపోయింది. నలభై దాటిన మనిషి. బడి మొహం చూసింది రెండేళ్లే.

"మేడమ్, నిన్న లిఫ్టులో ఒక గెస్టుకి 'గుడ్ మార్నింగ్ సర్' అని గట్టిగా చెప్పేశా."

"మంచిదేగా!"

"సాయంత్రం ఆరింటికి మేడమ్. అయినా నవ్వారు పాపం, మర్యాదస్తుడు."

తరగతి మొదలైన రెండో వారంలో విభాగం మేనేజరు పాఠాల నోటుబుక్కు తెప్పించుకున్నాడు. ఒకచోట ఆగి ఆకుపచ్చ పెన్ను తీశాడు.

"ఇదేంటి మేడమ్, ఐదో వారం ప్రశ్నలు?"

"ఇంటరాగేటివ్ అండి. ఏమిటి, ఎందుకు, ఎవరు..."

"వీళ్లకి 'ఎందుకు' ఎందుకండీ? అడగడానికి గెస్టులున్నారు. వీళ్లకి చెప్పింది అర్థమైతే చాలు, జరిగింది చెప్పగలిగితే చాలు. ఆ వారం కూడా ఆర్డర్లే చెప్పండి."

ఆకుపచ్చ గీత అడ్డంగా పడింది. పిన్ని తల ఊపింది. కొత్త ఉద్యోగం, పదకొండు నెలల ఖాళీ చేతులు. ఇది కారణం. సమర్థన కాదు. ఆ రెండింటినీ ఒకటి చేసి మాట్లాడటం ఈ దేశంలో ప్రతి యజమానికీ అలవాటు. మనవాళ్ల విషయం వచ్చేసరికి మనకూ అలవాటే.

ఐదో వారం నుంచి తరగతికి ఒక ముగింపు వచ్చింది. నాలుగు గంటలకు పిన్ని "ఎనీ క్వశ్చన్స్?" అనేది. అందరూ లేచి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒకే గొంతుతో "ఐ హావ్ నో క్వశ్చన్స్, మేడమ్. థ్యాంక్యూ, మేడమ్" అనేవారు. ఒకరోజు మేనేజరు చూడటానికి వస్తే 'మేడమ్' స్థానంలో 'సర్' పెట్టించి ఒక్కొక్కరి చేతా అనిపించింది. మడతక్క వంతు వచ్చినప్పుడు మేనేజరు చప్పట్లు కొట్టాడు.

ఆ తరగతి మూడో ఏట, ఒక మధ్యాహ్నం, రోలరు దగ్గర పనిచేస్తున్న ఒక చిన్నమ్మాయి బట్టతోపాటు పొరపాటున తన చేతి అంచును కూడా లోపలికి పంపింది. ఆ యంత్రానికి ముందు ఒక కడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే రోలరు దానంతటదే ఆగాలి. పాడైన ఆ కడ్డీని పదహారు రోజులుగా తాడుతో వెనక్కి కట్టేసి ఉంచారు. మడతక్క పరుగెత్తి ఎర్ర మీట నొక్కింది. చొక్కా చెయ్యి చిరిగింది, అమ్మాయి చెయ్యి దక్కింది. కానీ వేడిగా ఉన్న రోలరు ఆగిపోతే అందులో ఉన్న బట్ట మాడుతుంది. ఆ రాత్రి విందుకు వేయాల్సిన బల్లగుడ్డలు నాశనమయ్యాయి. అనుమతి లేకుండా యంత్రం ఆపిందని, నష్టం కలిగించిందని మడతక్క మీద అభియోగం పెట్టారు.

హోటలే విచారణ జరిపింది. విచారణ అధికారిని పెట్టింది హోటలే, సాక్షులను తెచ్చిందీ హోటలే. అంతా ఇంగ్లీషులో. సూపర్‌వైజరు వచ్చి కడ్డీ బాగానే ఉందన్నాడు, ఎవరి చెయ్యీ ఇరుక్కోలేదన్నాడు. ఇంకో ఇద్దరు అదే పాట పాడారు. ప్రతి సాక్షి తరవాతా అధికారి మడతక్కను అడిగాడు, నువ్వేమైనా ప్రశ్నలు వేస్తావా అని. సాక్షిని ఎదురు ప్రశ్నించడం నిందితురాలి హక్కు. అబద్ధం విరిగేది అక్కడే.

ఆమె మూడుసార్లూ లేచి నిలబడింది, మూడుసార్లూ చేతులు వెనక్కి కట్టుకుంది. మూడుసార్లూ రికార్డులో ఒకే వాక్యం ఉంది.

విచారణ ముగిసిన పన్నెండో రోజున తొలగింపు ఉత్తరువు ఇచ్చారు. ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని ఆమె నేను పనిచేసే కార్మిక సహాయ కేంద్రానికి వచ్చింది. నేను చదువుతుంటే ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తోంది.

"అక్కా, ఈ మాట మీకెవరు నేర్పారు?"

"మా మేడమ్!" ఆమె మొహం విప్పారింది. "ఆ రోజు ఒక్క తప్పు కూడా పోలేదమ్మా. ఆఫీసరుగారు కూడా 'వెరీ గుడ్' అన్నారు. అంత బాగా చెప్పాక కూడా పనిలోంచి ఎందుకు తీసేశారో అదే అర్థం కావట్లేదు."

"ఆయన అడిగింది మీకు అర్థమైందా?"

"క్వశ్చన్స్ అన్న మాట వినపడింది. క్లాసు అయిపోయిందనుకున్నా."

నేను ఆ సాయంత్రమే పిన్ని ఇంటికి వెళ్లాను. లేబర్ ఆఫీసులో ఈ విచారణను కొట్టేయించాలంటే, ఆ జవాబు అర్థం తెలిసి చెప్పింది కాదని రుజువు కావాలి. ఆ రుజువు ఆకుపచ్చ గీతతో సహా పిన్ని దగ్గరే ఉంది. కాగితాలు చదవగానే ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. తరవాత ప్రమాణపత్రం రాద్దామంది.

నేను చదివి వినిపిస్తున్నాను. "ప్రశ్నల పాఠాన్ని మేనేజరు ఆదేశం మేరకు తొలగించితిని. 'నాకు ప్రశ్నలు లేవు' అను వాక్యమును మేనేజరు ఆదేశం మేరకే కంఠస్థం చేయించితిని."

పిన్ని కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని కాగితం తన వైపు లాక్కుంది.

"రెండోది కూడా ఆయనే చెప్పాడు కదా?"

పిన్ని ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టింది.

"పిన్నీ, నిన్నే. ఆయన చెప్పాడా లేదా?"

"లేదే. ఆయన పాఠం తీసెయ్యమన్నాడు, అంతే. ఆ వాక్యం నాదే. ఖాళీ అయిన చోట ఏదో ఒకటి పెట్టాలిగా అనుకున్నా. పద్ధతిగా ఉంటుందనుకున్నా. ఆయన మెచ్చుకుంటాడనుకున్నా."

బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయన నోట 'ఔరా' రాలేదు.

నేను చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాట ఒకటి అన్నాను. "నువ్విది నాకు చెప్పకపోతే బాగుండేది. ఈ వాక్యం ఇలాగే ఉంటే మన కేసు ఇనుములా ఉంటుంది." న్యాయం చదువుకున్న నోటితోనే అన్నాను.

"ఆ హోటలువాడు చేసినదాన్ని నువ్వు అంత తిడతావు," అంది పిన్ని. "ఇప్పుడు నాకు ఏం చెప్పమంటున్నావో విన్నావా?"

కాగితం చింపి మళ్లీ రాశాం.

లేబర్ ఆఫీసులో విచారణ కూడా ఇంగ్లీషులోనే. మడతక్క పక్కన కూర్చుని ప్రతి మాటా ఆమె చెవిలో తెలుగులో చెప్పాల్సింది నేనే. హోటలు వకీలు ముసిముసిగా నవ్వుతూ లేచాడు.

"అంటే ఆ వాక్యం మీ సొంత సృష్టి. హోటలు నేర్పమనలేదు."

"అనలేదు."

"అయితే ఇందులో హోటలు తప్పేముంది?"

"వాక్యం నాది. పాఠం మీద గీత హోటలుది," అంటూ పిన్ని నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది. "రెండూ రాసుకోండి. మీకు పనికొచ్చేది ఒక్కటే రాసుకోకండి. అడగడం ఎలాగో ఈమెకు నేను నేర్పలేదు. అడగనవసరం లేదని మాత్రం మూడేళ్లు రోజూ నేర్పాను. ఆ రోజు ఆమె జవాబు చెప్పలేదు. నా పాఠం అప్పజెప్పింది."

నేను ఆ మాటలు తెలుగులో చెప్పాను. మడతక్క నా వైపు తిరగలేదు.

"మళ్లీ చెప్పమ్మా," అంది.

మళ్లీ చెప్పాను. అప్పుడు ఆమె తన చేతులను చూసుకుంది. అవి బల్ల కింద వెనక్కి కాకుండా ముందుకే ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

తొలగింపు రద్దయింది. విచారణ మళ్లీ మొదటి నుంచి జరపాలని, ఆమె తన భాషలో మాట్లాడటానికి దుబాసీని పెట్టాలని ఉత్తరువు వచ్చింది. ఆ సాయంత్రమే హోటలు ఇంగ్లీషు తరగతి ఎత్తేసింది. పిన్ని ఆ సంగతి కూరగాయల ధర చెప్పినట్టు చెప్పి, వెంటనే అడిగింది: "కొత్త విచారణకి ఆవిడకి సాయంగా నేను రానా? ఏమేం అడగాలో కలిసి రాసుకుంటాం."

మడతక్కతో ఆ మాట చెప్పాను.

"వద్దమ్మా. అడగాల్సినవన్నీ నా దగ్గరే ఉన్నాయి. యంత్రం దగ్గర పదహారు రోజులు నిలబడింది నేను, మేడమ్ కాదు."

కొత్త విచారణలో ఆమె సూపర్‌వైజరును నిలబెట్టి అడిగింది. దుబాసీ తడుముకునేంత వేగంగా అడిగింది. కడ్డీ బాగుంటే దానికి తాడు ఎవరు కట్టారు? మెకానిక్కుకు చీటీ ఎప్పుడు రాశావు? చూపించు. చెయ్యి ఇరుక్కోకపోతే ఆ చొక్కా ఎట్లా చిరిగింది? ఎలుక కొరికిందా? గదిలో ఎవరో నవ్వారు. సూపర్‌వైజరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కిటికీ వైపు చూశాడు. అప్పటిదాకా తల దించుకు కూర్చున్న ఆ చిన్నమ్మాయి లేచి, చెయ్యి పైకెత్తి, మణికట్టు మీది కాలిన మచ్చ చూపించింది.

తొమ్మిది రోజులకు మడతక్కను పనిలోకి తీసుకున్నారు. కడ్డీ బాగుచేశారు. మేనేజరు ఇంకా మేనేజరుగానే ఉన్నాడు. ఆ సంగతి నేను వదిలిపెట్టలేదు, వదిలిపెట్టను.

తన మొదటి సెలవు రోజున మడతక్క పిన్ని ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పిన్ని కంగారుగా కుర్చీ లాగింది. ఆమె కూర్చోలేదు.

"మేడమ్, ఒకటి అడుగుదామని వచ్చాను. అడగడం రాకపోతే మాకేమవుతుందో మీకప్పుడు తెలుసా?"

పిన్ని కావాలంటే అబద్ధం చెప్పగలిగేదే. తెలియదంటే ఆ గదిలో అందరికీ హాయిగా ఉండేది.

"తెలుసు," అంది. "తెలిసి కూడా దాని గురించి ఆలోచించకుండా ఉండటం నేర్చుకున్నా."

మడతక్క తల ఊపింది. కోపమో, జాలో, ఏదీ ఆ మొహంలో నాకు దొరకలేదు. "వెళ్లొస్తా మేడమ్," అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

తలుపు మూసి వచ్చిన బాబాయి నెమ్మదిగా అన్నాడు. "క్షమించమని ఒక్క మాట అనాల్సింది కదూ?"

"అంటే ఏం చేస్తుందండీ? సరే మేడమ్ అంటుంది." పిన్ని ఆ ఖాళీ కుర్చీని మళ్లీ గోడకు జరిపింది. "సూపర్‌వైజరుని నిలదీసింది గానీ, నన్నింకా మేడమ్ అనే పిలుస్తోంది. నా మొహం మీదే 'క్షమించను' అని చెప్పగలిగిన రోజున క్షమించమని అడుగుతాను."