పెద్దమ్మ పెట్టిన రెండో పొయ్యి

మొన్న పొద్దున ఇద్దరు ఇంజనీర్లు మా మెట్లెక్కి వచ్చి, స్తంభాలను సుత్తితో తట్టి చూసి, నా తలుపు మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేసి వెళ్లారు. ఈ కట్టడం మనుషులుండటానికి పనికిరాదట, పడగొట్టి కొత్తది కడతారట. పైకప్పు పెచ్చు ఊడి నా అన్నం పళ్లెంలో పడిననాడే ఆ సంగతి నాకు తెలుసు, దానికి సుత్తులెందుకు? అయినా ఆ పూట పొయ్యి వెలిగించలేదు, ఇల్లు పడగొడతామన్న మాట వినడం నాకిది రెండోసారి మరి.

మొదటిసారి నేను చిన్నపిల్లను. అనంతపురం వైపు నుంచి గోడలు కట్టే గారెపనికి వచ్చిన మా నాన్న, పెదనాన్న బెంగళూరు శివారులో, అప్పటికింకా రాగిచేలున్న చోట, మట్టిగోడల మీద రేకులు కప్పి ఒకే ఇల్లు వేసుకున్నారు. అన్నదమ్ములను చేసుకున్న అక్కచెల్లెళ్లు పెద్దమ్మా, అమ్మా. బళేపేట బజారులో గాజులు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అమ్మి పెద్దమ్మ ఇంటికొస్తే, అమ్మ ఆమె కాళ్లకు వేణ్ణీళ్లిచ్చి వేడివేడి రాగిముద్ద పెట్టేది. పిల్లల్లో ఎవరు ఎవరి బిడ్డలో పక్కింటివాళ్లకు తెలిసేది కాదు, మాకూ పట్టింపు లేదు. వానొస్తే వీధి మోరీలోని మురికినీళ్లు గడప దాటి లోపలికొచ్చేవి. ఇప్పుడు ముద్దుగా చెప్పుకుంటున్నాను గానీ, మీ దగ్గర దాపరికమెందుకు, అది మనుషులుండే ఇల్లు కాదు.

మా పేటంతా పడగొట్టి పక్కా ఇళ్లిస్తామని సర్కారువాళ్లు వచ్చినప్పుడు, పొయ్యిని బట్టి లెక్క అన్నారు, ఒక పొయ్యికి ఒక ఇల్లు. పెద్దమ్మ బుర్ర చురుకు. ఆ సాయంత్రమే రాళ్లు తెచ్చి, మట్టి మెత్తి, గది అవతలి మూల ఇంకో పొయ్యి వేసింది. అమ్మకు ప్రాణం ఒప్పలేదు, పొయ్యి వేరు పెట్టడమంటే అక్కచెల్లెళ్లు విడిపోవడమే కదా, ఉత్తుత్తికైనా వద్దని ఏడ్చినంత పని చేసింది.

"ఉత్తదే గదే పిచ్చిదానా! పక్కపక్కన రెండిండ్లిస్తారు, నడిమి గోడకు నేనే వాకిలి పెట్టిస్తా" అని పెద్దమ్మ నవ్వేసింది. ఆఫీసరు అడిగితే, "రెండు సంసారాలుండాయప్పా, మేము వేరుపడి శానా దినాలాయ" అని గట్టిగా చెప్పింది కూడా.

ఇళ్లకు చీటీలు తీశారు. మాకు ఊరికి పడమట ఈ మూడో అంతస్తు ఇల్లు వచ్చింది, పెద్దమ్మవాళ్లకు తూర్పు కొసన, హొసకోటె దారిలో. అమ్మ చేతులు జోడించి, మేమంతా ఒకటేనప్పా, మా అక్క పక్కన ఇంత చోటిప్పించండని బతిమాలితే, వేరుపడ్డామన్నది మీరే కదమ్మా అన్నాడు ఆఫీసరు. అతన్ని మాత్రం ఏమనగలం? ఒక ఇంట్లో అందరం సర్దుకుందామంటే, తాళం పడ్డ ఇల్లు వెనక్కి తీసుకుంటామన్నారు. కూలీలు గడ్డపారలతో మా గోడలు కూలుస్తుంటే రెండు లారీలెక్కాం. పెద్దమ్మ లారీ మలుపు తిరిగేదాకా అమ్మ తలెత్తలేదు.

కొన్నాళ్లు ఆదివారాలు బస్సులు మారి మారి వెళ్లేవాళ్లం. తర్వాత పండగలకే. పెద్దమ్మ పోయిన కబురు మాకు అందేసరికి దహనం కూడా అయిపోయింది. ఆమె కొడుకులు, మా అన్నయ్యలు, తలో దిక్కూ సర్దుకున్నారు. అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లే బతికింది గానీ, ఇంకొకరితో కడుపునిండా మాట్లాడగా నేను చూడలేదు. పెళ్లీగిళ్లీ లేకుండా గార్మెంట్స్‌లో కుట్టుపని చేసి రిటైరైన నాకు, నాన్న తర్వాత ఆమె కూడా పోయాక, ఈ ఇంట్లో తోడు ఫ్యాను చప్పుడే.

నిన్న సర్కారు తరఫున ఒక అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. ఎంత మర్యాదగా మాట్లాడిందనుకున్నారు! ఇప్పుడు పద్ధతులు మారాయట, కలిసున్నవాళ్లను విడదీయరట. "కొత్త బిల్డింగ్‌లో ఎవరి పక్కన ఇల్లు కావాలాంటీ? చెప్పండి, అక్కడే ఇస్తాం" అంది. ఆ ఒక్క మాట కోసమే మా అమ్మ అందరి ముందూ చేతులు జోడించింది తల్లీ అందామనుకుని, ఎదురింటి తలుపు వైపు చూశాను. అప్పుడు అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు అడుగుతున్నారు గానీ, ఇన్నేళ్లయినా ఎదురింటి ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. ఎవరైనా ఫరవాలేదమ్మా అని చెప్పి పంపేశాను.